ఏడ్చిన ప్రతిసారీ పాలసీసా పెట్టకండి

ప్రశ్న: మా బాబుకు రెండు నెలలు. పుట్టినప్పుడు 3 కిలోలు, ఇప్పుడు 5.2. రోజూ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నా పాలు చాలట్లేదేమోనని డబ్బాపాలు కూడా 120 మి.లీ. చొప్పున ఎనిమిదిసార్లు పడుతున్నాం. కాసేపటికే కక్కేస్తున్నాడు. అత్తయ్య వసకొమ్మ అరగదీసి నాకిస్తున్నారు. పక్కింటివాళ్లిచ్చిన కడుపునొప్పి చుక్కలూ వేస్తున్నాం. పాలడబ్బా మార్చమంటారా?

జవాబు: డబ్బా సంగతి తర్వాత. ముందు ఆ చుక్కల సీసా మీద ఏం రాసుందో చదవండి. డైసైక్లోమిన్ అని ఉంటే ఈ పూట నుంచే ఆపేయండి. ఆరు నెలల్లోపు పిల్లలకు అది ఇవ్వకూడదు. ఊపిరి ఇబ్బంది, ఫిట్స్, స్పృహ తప్పడం వంటివి రావచ్చు. పక్కింటి పాపకు పడిందని మీ బాబుకు వేయడమేంటమ్మా? ఆ పాప వయసెంతో, బరువెంతో అడిగారా? వసకొమ్మా వద్దు. వాంతులు, మగత రావచ్చు; సానమీద అరగదీస్తే నోట్లోకి ఎంత పోతోందో అత్తయ్యగారికీ తెలియదు. బాబు మత్తుగా ఉన్నా, ఊపిరి తేడాగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక పాలు. డబ్బాపాలే తాగే బిడ్డకు కిలోకు రోజుకు సుమారు 150 మి.లీ. లెక్క. అంటే మీవాడికి 780. మీరు 960 పడుతున్నారు, తల్లిపాలు కాక. రోజుకు 25–30 గ్రాములు పెరిగితే చాలు, వీడు 36 దాకా పెరిగాడు. అది ఆకలి ఏడుపులా లేదు. చీకడమే పసివాళ్లకు ఊరట కాబట్టి సీసా పెట్టగానే ఊరుకుంటాడు. పొట్ట ఉబ్బి, కక్కి, మళ్లీ ఏడుస్తాడు. మీరు మళ్లీ సీసా పెడతారు.

ముందు రొమ్ము పట్టించండి. డబ్బాపాలు ఎంత తగ్గించాలో బరువు చూసి మీ పిల్లల డాక్టరే చెప్పాలి. పట్టేటప్పుడు బాబును కాస్త నిటారుగా కూర్చోబెట్టి సీసాను అడ్డంగా పట్టుకోండి. నాలుగైదు గుటకలకోసారి ఆపండి. పావుగంట పట్టాలి. తల తిప్పేసినా, పిడికిలి వదులైనా ఇక చాలు, మిగిలింది పారబోయండి. కలిపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత పొడి. చాలా డబ్బాల్లో 30 మి.లీ. నీళ్లకు చదును చేసిన ఒక స్కూపు. మీ డబ్బా మీద చూసుకోండి. పలుచన చేస్తే ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు.

సాయంత్రం ఏడుపు ఆరో వారానికి ముదిరి, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. అప్పటిదాకా దీపం తగ్గించి, భుజాన వేసుకుని, చెవి దగ్గర ‘ష్‌ష్’ అంటూ నడవండి. తడి చూడండి. సాక్సులు విప్పి కాలివేళ్ల సందులూ చూడండి: కాన్పయ్యాక రాలే మీ వెంట్రుక వేలికి చుట్టుకుని బిగిస్తే, వేలు ఎర్రగా ఉబ్బి బిడ్డ ఆగకుండా ఏడుస్తాడు. మీకు ఓపిక నశిస్తే ఉయ్యాల్లో వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నిమిషాలు పక్కకు వెళ్లండి. కుదపొద్దు.

ఆకుపచ్చ వాంతి, పాలు దూరంగా చిమ్మేలా వాంతి, 100.4 జ్వరం, మలంలో రక్తం, పాలు తాగకపోవడం: వీటిలో ఏదున్నా రాత్రైనా సరే ఆగొద్దు. లేకపోయినా ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. చుక్కల సీసా, పాలడబ్బా, స్కూపు మూడూ వెంట తీసుకెళ్లండి. డబ్బా మార్చాలో వద్దో అక్కడ తేలుతుంది.