వరోషా వెళ్తున్న బాబీకి పెద్దమ్మ రాసేది

నాన్నా బాబీ,

వచ్చే ఆదివారం నువ్వూ నీ రూమ్‌మేట్లూ సైప్రస్ ఉత్తరాన, ఫమగుస్తా పట్టణంలో భాగమైన వరోషా వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "ఏదో దెయ్యాల ఊరట అక్కా, వీడియో తీస్తాడట" అంది. అప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. భయం ఒకటే కాదు, గర్వం కూడా. లార్నకాలో పని చేసినన్నాళ్లూ ఆ ఊరి మాట వినని రోజు లేదు నాకు. ఇప్పుడు మన ఇంటి పిల్లాడు ఆ వీధుల్లో నడవబోతున్నాడు. ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావని రాస్తున్నాను.

ముందు కాగితాలు. పాస్‌పోర్టూ, రెసిడెన్స్ పర్మిటూ ఒరిజినల్సే పట్టుకెళ్లు. పర్మిట్ రెన్యువల్‌లో ఉంటే ఈ ఆదివారం వద్దు, వచ్చాకే వెళ్లు. ద్వీపాన్ని రెండుగా విడదీసే గ్రీన్ లైన్ దాటి, టర్కీ సైన్యం ఉన్న ఉత్తరం వైపు వెళ్లడం తేలికే, తిరిగి ఇటు వచ్చేటప్పుడే టెన్షన్. నీ పర్మిట్ మీద వెళ్లి రావచ్చో లేదో ఇమ్మిగ్రేషన్ వాళ్లని అడిగాకే బయల్దేరు. టికెట్ చవగ్గా దొరికిందని ఎప్పుడూ ఉత్తరాన ఉన్న ఎర్జాన్ ఎయిర్‌పోర్టులో మాత్రం దిగకు. ఉత్తరాన్ని దేశంగా ఒప్పుకున్నది టర్కీ ఒక్కటే. అక్కడ దిగినవాళ్లని సైప్రస్ ప్రభుత్వం దొంగదారిన వచ్చినట్టే చూస్తుంది. అద్దె కారు ఇన్సూరెన్స్ అటు చెల్లదు, చెక్‌పోస్టు దగ్గర వేరే కట్టాలి. ఫోన్ డేటా ఆపేయ్. నీళ్లు, టోపీ మర్చిపోకు.

కాగితాల గురించి ఇంత గోలేమిటని విసుక్కోకు. పరాయి దేశంలో పర్మిట్ గడువు దాటిపోయి, పోలీసు కనిపిస్తే సందులోకి తప్పుకునే ఆడపిల్లల్ని చూశాను నేను. నీకు ఆ బతుకు వద్దు.

ఇక ఆ "దెయ్యాల ఊరు" అనే మాట. వీడియోకి ఆ పేరు పెట్టావంటే నాతో మాట్లాడకు. ఆ ఊరి మనుషులు బతికే ఉన్నారు. నువ్వు రొట్టె కొనుక్కునే వీధిలోనే ఉన్నారు. లార్నకాలో నేను చూసుకున్న యాయా, అంటే గ్రీకులో అవ్వ, అక్కడి మనిషే. 1974 జులై 15న గ్రీసు సైనిక పాలకుల అండతో సైప్రస్ అధ్యక్షుడు మకారియోస్ మీద కుట్ర జరిగింది. 20న టర్కీ సైన్యం దిగింది. ఆగస్టు 14న రెండోసారి కదిలింది. విమానాల మోత వినగానే వరోషాలో ఉన్న వేల మంది కార్లలో, ట్రాక్టర్లలో, నడిచి, దొరికిన దారిన డెరీనియా వైపూ, బ్రిటిష్ వాళ్ల డెకేలియా బేస్ వైపూ పోయారు. రెండు మూడు రోజుల్లో వచ్చేస్తామనుకున్నారు. సైన్యం ఊరి చుట్టూ కంచె వేసేసింది.

అక్కడివాళ్లూ మనలాగే అలసందలు ఉడికించి తింటారు, లూవీ అంటారు. నేను రాత్రిపూట అలసందలు నానబోస్తుంటే యాయా ప్రతిసారీ అనేది, "నేనూ నానబోసే వచ్చాను" అని. తర్వాత ఆవిడ బతుకంతా లార్నకాలో, మన ముంపు ఊళ్ల వాళ్లకి కట్టిన కాలనీల్లాంటి ఇళ్లలో గడిచింది. 2003లో చెక్‌పోస్టులు తెరిచినప్పుడు కొడుకుతో ఫమగుస్తా దాకా వెళ్లిందట. కోట చూసింది, చర్చిగా కట్టి మసీదుగా మారిన ఆ పెద్ద గుడీ చూసింది. సొంత వీధికి మాత్రం కంచె ఇవతలే ఆగిపోయింది. 2020 అక్టోబరులో కొన్ని రోడ్లూ బీచూ జనానికి తెరిచారని టీవీలో వస్తే, టీవీ ఆపేయమంది. ఆ ఊళ్లో అక్కడివాళ్లు తప్ప వేరేవాళ్లు స్థిరపడకూడదని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1984లోనే 550వ తీర్మానంలో చెప్పింది. సొంతవాళ్లు రాకముందే సైకిళ్లు అద్దెకిచ్చి ఊరు చూపించడం ఆవిడకి గుండెల్లో గునపం దించినట్టయింది.

ఆ తర్వాత ఒక కుర్రాడు చేసిన పని చెప్తాను, జాగ్రత్తగా చదువు. మన తాడేపల్లిగూడెం వైపు వాడే, మంచివాడు, ఆదివారాలు మాతో కలిసి వంట చేసుకునేవాడు. వాడూ నీలాగే వరోషా చూడ్డానికి వెళ్లాడు. తారు రోడ్డు దాటొద్దని బోర్డులున్నా, తాళ్లు కట్టి ఉన్నా, ఎవరూ లేరు కదా అని ఒక ఇంట్లోకి దూరాడు. వంటింట్లో చిన్న కాఫీ కప్పు కనిపిస్తే జేబులో వేసుకొచ్చి, సంబరంగా యాయా చేతిలో పెట్టాడు. "మీ ఊరిది అవ్వా" అన్నాడు. ఆవిడ తిప్పి తిప్పి చూసి, "ఏ వీధి? ఎన్నో ఇల్లు?" అని అడిగింది. వాడికి గుర్తు లేదు. పక్కన చర్చి ఉందా, గుమ్మం ముందు నారింజ చెట్టుందా అని ఎన్ని విధాల అడిగినా చెప్పలేకపోయాడు.

మర్నాటి నుంచి ఆవిడ వరసగా ఫోన్లు. తనతోపాటు పారిపోయి వచ్చిన ఆడవాళ్లందరికీ చేసింది. అంచుకి నీలం గీత, పిడి దగ్గర చిన్న పెచ్చు, మీదేనా అని. అలాంటి కప్పులు ఆ రోజుల్లో ఇంటింటా ఉండేవట. ఒకావిడ మాదే అంది. ఇంకొకావిడా మాదే అంది. మూడో ఆవిడ ఫోన్లోనే ఏడ్చేసింది. ఎవరికిస్తే ఎవరికి అన్యాయం? చివరికి ఆ కుర్రాణ్ణి పిలిపించి, "దొంగసొత్తు నా ఇంట్లో ఉండకూడదు, తీసిన చోటే పెట్టిరా" అంది. వాడు వెళ్లాడు కానీ, చెక్‌పోస్టులో సంచి వెతుకుతారేమోనన్న భయంతో వెనక్కి వచ్చేశాడు. కప్పుని పేపర్లో చుట్టి అలమరలో పెట్టాం. యాయా పోయాక కూతురు సామాను సర్దుతూ అది విప్పి, ఇదేంటని నన్నడిగింది. ఏం చెప్పను?

కాబట్టి నాన్నా, తారు రోడ్డు దిగకు. 1974 నుంచి మరమ్మతు లేని బాల్కనీలు అవి, ఏ క్షణాన్నైనా కూలిపోతాయి. సైనికుల్నీ, వాళ్ల బోర్డుల్నీ వీడియో తీయకు. గులకరాయి కూడా జేబులో వేసుకోకు.

ఫమగుస్తాలో టీ తాగేటప్పుడు ఎవరి తరఫునా వాదించకు. నీకు టీ పోసే టర్కిష్ సైప్రియట్ ముసలాయన దక్షిణాన లిమసోల్‌లోనో పాఫోస్‌లోనో ఇల్లు వదులుకుని వచ్చినవాడు కావచ్చు. అడిగితే చెప్తాడు, విను. ఇండియా వాడివంటే రెండు వైపులా మర్యాదగానే చూస్తారు. ఐక్యరాజ్యసమితి శాంతి సైన్యాన్ని నడుపుతూ మన జనరల్ తిమ్మయ్య 1965లో ఆ ద్వీపంలోనే కన్నుమూశారు. లార్నకాలో ఆయన పేరుతో రోడ్డుంది, వెళ్లి చూడు. 1974లో ఆ సైన్యానికి అధిపతి కూడా మనవాడే, జనరల్ ప్రేమ్ చంద్.

పొద్దున్నే బయల్దేరి ముందు డెరీనియాలో ఆగు. అక్కడి సెంటర్లో వరోషా వైపు చూడ్డానికి బైనాక్యులర్స్ ఉంటాయి. సాధారణంగా ఊరి సొంతవాళ్లు ఒకరిద్దరు వచ్చి చూస్తూ ఉంటారు. వాళ్లతో మాట్లాడి, ఒప్పుకుంటే వాళ్ల మాటలు రికార్డు చేయి. వీడియోలో ముందు అది పెట్టు, హోటళ్లు తర్వాత. చీకటి పడకముందే ఇటు దాటేసి నాకు ఫోన్ చేయి. ఎంత రాత్రైనా మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ