నల్లకోటు విప్పితే నాయన ముఖం ఎలా చూడాలి?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. కర్నూలులో ఎనిమిదేళ్లుగా ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేస్తున్నాను. ఎక్కువగా చెక్‌బౌన్స్ కేసులు, భాగపరిష్కార దావాలు. ఏడాది కిందట ఒక వాయిదా తప్పాను. సీనియర్ అందరి ముందూ అరిచారు. అప్పటి నుంచి రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. ఫోన్‌లో ఈ-కోర్ట్స్ యాప్ తెరిచి తేదీలు చూసుకుంటాను. సీనియర్ నుంచి ఫోన్ వస్తే గుండె దడ. హైదరాబాద్‌లో ఒక ఫైనాన్స్ కంపెనీ లీగల్ ఆఫీసర్‌గా రమ్మంటోంది. మా ఆయన ‘నీ ఇష్టం’ అంటారు. నాయన ఆదోనిలో ముప్పై ఏళ్లు వకీలు గుమాస్తాగా చేశాడు. ‘కర్నూలుకు హైకోర్టు బెంచి వస్తాందంటే ఇప్పుడు పోతావా? కోటు ఇప్పేస్తే ఊర్లో తలెట్ల ఎత్తుకునేది?’ అంటాడు. జడ్జి పరీక్ష రాయమని పోరు. పోయిన నెల ఒక ముసలామెకు కొడుకుల నుంచి మనోవర్తి ఇప్పించాను. కోర్టు మెట్ల మీద కొంగు ముడి విప్పి నా చేతిలో బొరుగుల ఉండ పెట్టింది. ఆ రాత్రి మాత్రం నిద్రపోయాను.

జవాబు: ఆ చివరి మాట రాసినప్పుడు మీరు గమనించారో లేదో. వకీలు పని మీదే విసుగు పుట్టి ఉంటే బొరుగుల ఉండ గుర్తుండేది కాదు. మిమ్మల్ని తినేస్తున్నది ఆ ఆఫీసు, ఆ అరుపులు. అయితే హైదరాబాద్ వద్దని నేననను. దడతో నిర్ణయం తీసుకోవద్దంటాను, అంతే.

అందుకే ముందు ఒంటి సంగతి. ఏడాదిగా నిద్ర లేదంటే సర్దుకుపోయే విషయం కాదు. బీపీ, థైరాయిడ్ చూపించుకుని, కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలవండి. అక్కడ మీ క్లయింట్లు ఎవరైనా చూస్తారని మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. రాత్రిపూట ఆ యాప్ తెరవకండి. మరుసటి రోజు వాయిదాలు సాయంత్రమే కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇక కోటు. జీతానికి ఫుల్‌టైమ్ ఉద్యోగంలో చేరితే బార్ కౌన్సిల్‌కి తెలియజేసి ప్రాక్టీసు ఆపాలి. సనదు, అంటే వకీలు లైసెన్సు, పోదు, సస్పెన్షన్‌లో ఉంటుంది. వెనక్కి రావాలనుకుంటే దరఖాస్తు పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టొచ్చు. నాయనకు ఈ ముక్క ముందు చెప్పండి. కోటు శాశ్వతంగా పోతుందన్నదే ఆయన భయమేమో.

బెంచి కోసం ఆగమనడం మాత్రం నాకు నచ్చలేదు. సీమకు హైకోర్టు అన్న మాట 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక నాటిది. వస్తే అందరికీ సంతోషమే, కానీ దాని కోసం మీ నిద్ర తాకట్టు పెట్టాలా? జడ్జి పరీక్షకు 2025లో సుప్రీంకోర్టు మళ్లీ తెచ్చిన మూడేళ్ల ప్రాక్టీసు నిబంధన మీకు అడ్డం కాదు. వయోపరిమితి నోటిఫికేషన్‌లో చూసుకోండి. అయినా మీ ఉత్తరంలో ఆ కోరిక మీదిగా కనిపించలేదు.

మీరు రాయని దారి ఒకటుంది. సీనియర్ దగ్గర మానేసి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్‌కి దరఖాస్తు చేసి, సొంతంగా మనోవర్తి, కుటుంబ కేసులు చూసుకోవడం. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది కాబట్టి అలాంటి కేసులకు కొదవుండదు. డబ్బు తక్కువే. ఇంట్లో మీ ఆయన జీతంతో ఒక ఏడాది గడుస్తుందా? ‘నీ ఇష్టం’ అని తప్పించుకోనీయకుండా ఆయన్ని కూర్చోబెట్టి లెక్క వేయండి. గడవదంటే హైదరాబాదే మంచిది, అందులో నామోషీ ఏమీ లేదు.

నాయనతో ఫోన్‌లో వాదించకండి. ఒక ఆదివారం ఆదోని వెళ్లి మీ వాయిదాల డైరీ ఆయన చేతిలో పెట్టండి. ముప్పై ఏళ్లు డైరీలు రాసిన మనిషి, ఒక్క పేజీ చూస్తే చాలు, రోజుకి ఎన్ని కోర్టులు తిరుగుతున్నారో మీరు చెప్పనక్కర్లేదు. ఆయన పనిచేసిన వకీలు ఎప్పుడైనా వాయిదా తప్పారా, ఆ రాత్రి ఎలా ఉన్నారు అని అడగండి.

ఏ దారి పట్టినా ఆ ముసలామె ఫైలు మాత్రం నమ్మకమైన చేతికి అప్పగించండి. కొడుకులు రెండు నెలలు కట్టి మూడో నెల ఎగ్గొట్టడం మామూలే. అమలు పిటిషన్ ఎవరు వేస్తారో ఆమెకు ముందే తెలియాలి.