మూగబోయిన చిలుక

ప్రశ్న: ఎప్పుడూ గలగలా పలికే మా పెంపుడు చిలుక కొన్నాళ్లుగా ఈకలు ఉబ్బించుకుని పగలే కునుకుతోంది, చేయి చాపితే పొడుస్తోంది. అలిగిందనుకోవాలా?

జవాబు: అలక అనుకుని ఆగవద్దు. జతకట్టే కాలంలో పొడవడం మామూలే గాని, పగటి కునుకుకు అది కారణం కాదు. పక్షులు జబ్బును వీలైనంతకాలం దాచుకుంటాయి కనుక, మార్పు మన కంటబడేసరికే వ్యాధి ముదిరి ఉండవచ్చు. పంజరం అడుగున తెల్లకాగితం పరచి రెట్టను గమనించండి: ఆకుపచ్చని లేదా గోధుమరంగు మలం, తెల్లని యూరేట్లు (మూత్రపిండాలు విసర్జించే సుద్దలాంటి వ్యర్థం), నీటివంటి మూత్రం విడివిడిగా కనబడాలి, ఆ తెల్లని భాగం పసుపు లేదా ఆకుపచ్చ రంగుకు తిరిగితే కాలేయవ్యాధిని అనుమానించాలి. ఈకల చాటున చిక్కిపోవడం కంటికి తెలియదు కాబట్టి, రోజూ ఉదయం మేతకు ముందు గ్రాముల త్రాసుపై తూచి రాసిపెట్టండి. ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతున్నా, కొమ్మ దిగి పంజరం అడుగున కూర్చున్నా, వెచ్చగా ఉంచి ఆ రోజే పక్షుల వైద్యుడికి చూపించండి.