దండెం మీది డ్రెస్సు: ఒక యువ కామిక్స్ రచయితకు లేఖ

హన్మకొండ

తమ్ముడూ,

నీ కవరు వచ్చి ఇరవై రోజులైంది. 24 పేజీల జిరాక్సు, దాని మీద నాలుగు పేజీల ఉత్తరం. ముందు ఉత్తరం చదివాను, తర్వాత బొమ్మలు చూశాను, మళ్ళీ ఉత్తరం చదివాను. హైదరాబాద్‌లో ఉద్యోగం పోయిందని, పాపను తీసుకుని కాజీపేటకు తిరిగొచ్చేశానని, ఇక కామిక్స్‌తోనే బతకాలనుకుంటున్నానని రాశావు. నీ సూపర్‌హీరో పిడుగు కూడా అదే మనిషి. ఒకప్పుడు ఊరంతా చప్పట్లు కొట్టినవాడు, ఇప్పుడు ఎవరూ పిలవనివాడు, ఏడేళ్ళ కూతురికి స్కూల్ ఫీజు కట్టలేక గేటు దగ్గర తల దించుకునేవాడు. ఇది ఊహించి రాసింది కాదని మొదటి పేజీలోనే తెలిసిపోయింది. జవాబు ఆలస్యమైంది కూడా అందుకే. నీ బతుకు మీద తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. నేను మాట్లాడేది ఈ పేజీల గురించే.

24 పేజీల్లో 131 ప్యానెళ్ళు ఉన్నాయి. పెన్సిలు పట్టుకుని లెక్కపెట్టాను. 130 ప్యానెళ్ళలో మాటలున్నాయి. మాట లేనిది ఒక్కటే, 17వ పేజీ అడుగున. దండెం మీద పిడుగు డ్రెస్సు ఆరేసి ఉంది. ఒక పక్క పాప యూనిఫాం, ఇంకో పక్క తువ్వాలు. డ్రెస్సు మోచేతి దగ్గర వేరే రంగు గుడ్డతో అతుకు. రెండు క్లిప్పులు. కింద నీళ్ళ చుక్కలు. ఆ ప్యానెల్ చూశాక కాగితాలు పక్కన పెట్టి కాసేపు బయట నిలబడ్డాను. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ ఒక్క ప్యానెల్ కోసం. మిగతా 130 చూసి కోపం వచ్చింది.

ఎందుకో చెప్తాను. పేజీ తిప్పగానే 18వ పేజీ మొదటి ప్యానెల్ మీద ఇలా రాశావు: "ఆ డ్రెస్సును చూసి పిడుగు గుండె బరువెక్కింది. ఒకప్పటి కీర్తి గుర్తొచ్చి కన్నీళ్ళు ఉబికాయి." బొమ్మలో ఆ మనిషి వంగిన వీపు ఉంది. తడిసిన కళ్ళు ఉన్నాయి. చేత్తో చూపించిన దాన్ని మళ్ళీ నోటితో ఎందుకు చెప్పావు? చెప్పేసరికి ముందు పేజీలో నా లోపల కదిలింది కాస్తా ఆగిపోయింది. బొమ్మ మాట్లాడుతున్నప్పుడు అక్షరం నోరు మూసుకోవాలి. నలభై ఏళ్ళుగా దీన్నే నమ్మాను, దీని కోసం చాలామందితో తగువు పడ్డాను, ఇప్పుడు నీతోనూ పడతాను.

మేం పద్మశాలీలం. నా చిన్నప్పుడు మా వాడకు మా కులకథ పాడే కూనపులివాళ్ళు మార్కండేయ పురాణం పటం తెచ్చేవాళ్ళు. రెండు గుంజల మధ్య పటం కట్టి, రాత్రిపూట ఒక్కో వరుస విప్పుతూ పాడేవాళ్ళు. చేర్యాల ఊరి నకాషీ చిత్రకారుల చేతి పని అది. గుడ్డకు సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి రంగు మీద బొమ్మలు వేస్తారు. వరుసకూ వరుసకూ మధ్య పూల పట్టీ. ఇప్పుడు మనం ప్యానెల్ అంటున్నది అదే. మా వాడకు వచ్చిన పటం మీద ఒక్క అక్షరం లేదు. పాడే ఆయన కర్రతో బొమ్మను చూపించి, ఒక్కోసారి పాట ఆపేసి ఊరుకునేవాడు. డోలు కూడా ఆగేది. మేమంతా ఆ బొమ్మనే చూస్తూ కూర్చునేవాళ్ళం. ఆ మధ్యలో మా అమ్మ కళ్ళు తుడుచుకునేది. పాట ఉన్నప్పుడు కాదు, ఆగినప్పుడు.

కామిక్ చదివేవాడి పక్కన పాడేవాడు ఉండడు కదా, అందుకే మాటలు పెట్టానంటావేమో. కామిక్‌లో చదివేవాడే పాడుకుంటాడు, తమ్ముడూ. బొమ్మ చూస్తూ లోలోపల కథ వాడే చెప్పుకుంటాడు. నువ్వు అక్కర్లేని క్యాప్షన్ పెట్టిన ప్రతిసారీ వాడి పాటకు అడ్డం వస్తున్నావు.

1987లో ఒక పిల్లల మాసపత్రికకు నెలకు రెండు పేజీల బొమ్మల సీరియల్ వేసేవాణ్ణి. ఒక నెల కాజీపేట స్టేషన్ గీశాను. ఖాళీ ప్లాట్‌ఫారం, ట్రంకు పెట్టెతో ఒక తండ్రి, దూరంగా గార్డు డబ్బా, ఊగుతున్న పచ్చ జెండా. మాట లేదు. ఆ ప్యానెల్ కోసం మూడు సాయంత్రాలు స్టేషన్‌కు పోయి కూర్చున్నాను. పత్రిక వచ్చాక చూస్తే, ఆ తండ్రి నెత్తి మీద బెలూన్: "అయ్యో! రైలు వెళ్ళిపోయింది! ఇప్పుడెలా?" నా చేతి అక్షరాలు కూడా కావు. రాత్రి బస్సెక్కి పోయి ఎడిటర్‌ను అడిగాను. ఆయన తల ఎత్తకుండానే, "ఖాళీగా వదిలేస్తే ఆర్టిస్టు బద్ధకం అనుకుంటారు. డబ్బులిచ్చి కొన్నవాడికి చదవడానికి ఏదో ఉండాలిగా" అన్నాడు. ఆ తర్వాత ఆరు నెలలు ఆ పత్రికకు ఒక్క పేజీ పంపలేదు. సైన్‌బోర్డులు రాశాను, లారీల వెనక నంబర్లు, పూలు వేశాను. ఆ కోపం ఇంకా పోలేదు. పోవాలని కూడా లేదు. ఎందుకంటే ఆ ఎడిటర్ ఇప్పుడు నీ లోపలికొచ్చి కూర్చున్నాడు. ఎవరూ అడగకుండానే నీ ప్యానెళ్ళ మీద నువ్వే రాసుకుంటున్నావు.

ఇక 2, 3, 4 పేజీలు. పిడుగు ఆకాశంలో ఎగురుతూ కోట తోరణం మీంచి, వేయిస్తంభాల గుడి మీంచి, భద్రకాళి చెరువు మీంచి పోతాడు. చెరువు వెనకే రామప్ప గుడి కనిపిస్తుంది. రామప్ప ఉన్న పాలంపేట ఇక్కడికి 60 కిలోమీటర్లకు పైనే ఉంది, తమ్ముడూ! 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి మన దగ్గర ఎవరు ఏ బొమ్మ వేసినా మూలన రామప్ప పెడుతున్నారు. కాకతీయులు కట్టినవాటి మీద నాకు నీకంటే ఎక్కువ ప్రేమే. కానీ ఫీజు కట్టలేని తండ్రి కంటికి తోరణం కనిపించదు. వాడికి కిరాణా కొట్టు కనిపిస్తుంది, బాకీ ఉన్న కొట్టు ముందు నుంచి పోకుండా చుట్టూ తిరిగే గల్లీ కనిపిస్తుంది. ఆ గల్లీ గీయి.

నువ్వు అసలు విషయాన్ని ముట్టుకుని వదిలేసిన చోటు ఒకటుంది. 9వ పేజీ. పిడుగు పని వెతుక్కుంటూ ఎనుమాముల మార్కెట్‌కు పోతాడు. ఒక లారీ మిర్చి బస్తాలను ఒంటి చేత్తో ఎత్తి దించేస్తాడు. అడ్తిదారు నోరు తెరుస్తాడు, జనం చప్పట్లు కొడతారు, తర్వాతి ప్యానెల్‌లో పిడుగు ఇంట్లో ఉంటాడు. నేను అక్కడే ఆగిపోయాను. ఆ లారీ దించాల్సిన హమాలీలు ఏమయ్యారు? వాళ్ళకు బస్తా లెక్కన కూలి. సీజన్ ఉన్న ఆ కొద్ది నెలల్లోనే ఏడాదికి సరిపడా సంపాదించుకోవాలి. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, మిర్చి ఘాటుకు దగ్గుతూ, తెల్లవారక ముందు నుంచి గేటు దగ్గర నిలబడ్డ మనుషులు వాళ్ళు. నీ హీరో పది నిమిషాల్లో వాళ్ళ ఒక రోజు తిండి తీసేశాడు. ఆ ముఖాలు ఒక్క ప్యానెల్‌లో కూడా లేవు. చప్పట్లు కొట్టే జనంలో వాళ్ళనూ కలిపేశావు. వాళ్ళు చప్పట్లు కొట్టరు.

అక్కడ ఒక ముసలి హమాలీ పిడుగు దగ్గరికొచ్చి, "నీకు బలముంది బిడ్డా, మాకు పిల్లలున్నరు" అంటే? "నాకూ ఒక బిడ్డ ఉంది" అని వీడు అనలేకపోతే? నీ పుస్తకం మొత్తం ఆ ఇద్దరి మధ్యే ఉంది. పదిహేను పేజీలు అక్కడే ఉండు. జెండా పాట, అంటే ధర తేల్చే ఆ వేలం గీయి, కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయిని గీయి, తక్‌పట్టీని, ఆ లెక్కచీటీని, రెండుసార్లు చూసుకునే రైతును గీయి. 12వ పేజీ నుంచి వచ్చే ఆ ఇనుప కోరల విలన్‌ను తీసెయ్. కూలి పోగొట్టుకున్న హమాలీలు ఎదురుగా ఉండగా వాడెందుకు? ఇప్పుడు ప్రతివాడూ మొదటి పుస్తకానికే పది మంది హీరోలను, వాళ్ళకో 'యూనివర్స్'నూ ప్లాన్ చేస్తున్నారు. నీ ఉత్తరం మూడో పేజీలో నువ్వూ అదే రాశావు. ఒక మార్కెట్ యార్డు గీయడానికే మనిషికి ఒక జన్మ సరిపోదు.

భాష గురించి కూడా ఒక మాట. నీ పిడుగు "నేను ఈ నగరాన్ని రక్షించి తీరుతాను" అంటాడు. దొంగ మాత్రం "ఏం జేస్తవ్ రా" అంటాడు. లారీ క్లీనర్ కూడా అంతే. నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, సినిమాల్లో, నాటకాల్లో మన మాట రౌడీకి, పనివాడికి, నవ్వించేవాడికి. మంచివాడు నోరు తెరిస్తే పుస్తకం. కాళోజీ తిరిగిన ఊళ్ళో పుట్టి నువ్వూ అదే చేస్తే నేను ఊరుకోను. మాట్లాడాల్సి వస్తే పిడుగు వాళ్ళమ్మతో మాట్లాడే మాటే మాట్లాడాలి.

ఇప్పుడు చివరి మూడు పేజీలు. పిడుగు డ్రెస్సు విప్పేసి, తన కథను తనే కామిక్‌గా గీయడం మొదలుపెడతాడు. ఆలోచన మంచిది. కానీ 22వ పేజీలో పెన్ను పడతాడు, 23లో పుస్తకం అచ్చవుతుంది, 24లో సభ, దండలు, ఊరంతా చప్పట్లు. మొదటి పేజీలో పోయిన చప్పట్లే చివరి పేజీలో తిరిగొచ్చాయి. మరి కొత్తగా మొదలైంది ఏముంది?

మా నాన్న మిల్లు కార్మికుడు. ఖాకీ చొక్కా, టోకెన్ బిళ్ళ. మిల్లు ఆగిపోయాక సైరన్ లేక మా అమ్మకు అన్నం ఎప్పుడు వార్చాలో తెలిసేది కాదు. ఆయన ఆ ఖాకీ చొక్కాను మళ్ళీ వేసుకోలేదు. కానీ ఆదివారం ఆదివారం ఉతికి, దండెం మీద ఆరేసి, మడతపెట్టి పెట్టెలో పెట్టేవాడు. రెండేళ్ళ తర్వాత ఒక బట్టల షాపు ముందు వాచ్‌మన్ పని దొరికింది. వాళ్ళిచ్చిన నీలం చొక్కా తొడుక్కోవడానికి మొదటి రోజు ఆయనకు చాలాసేపు పట్టింది. తెగిన దారాన్ని కంటికి కనపడకుండా ముడివేసిన వేళ్ళు, ఆ ప్లాస్టిక్ గుండీల దగ్గర తడబడ్డాయి. అమ్మ దగ్గరికి పోయి గుండీలు పెట్టింది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు. నేను గుమ్మంలో ఉన్నాను.

కాబట్టి పిడుగును అంత తొందరగా గెలిపించకు. లారీని ఎత్తే చెయ్యి అది. నిబ్బు పట్టుకుంటే విరుగుతుంది. పెన్సిలు పట్టుకుంటే పొడి అవుతుంది. కాగితం చిరుగుతుంది. ఇంకు సీసా పగిలి గచ్చంతా నల్లబడుతుంది. ఎంత తక్కువ బలం పెట్టాలో నేర్చుకోవడానికి వాడికి నెలలు పట్టాలి. అది ఎవరు నేర్పాలో నీకు తెలుసు, ఇంట్లోనే ఉంది. నాలుగు పేజీలు ఇవ్వు దానికి. ఒక్క అక్షరం లేకుండా.

చిన్న విషయాలు గబగబా చెప్పేస్తాను. పుస్తకం మొదటి పేజీ కుడి వైపు వస్తుంది కాబట్టి దాచిపెట్టిన సంగతిని సరిసంఖ్య పేజీలో పెట్టు, పేజీ తిప్పితేనే కనపడుతుంది. తండ్రే పిడుగని పాపకు తెలిసేది నువ్వు 15లో పెట్టావు, 14 చదువుతుండగానే కన్ను అటు పోయింది. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లీషు బెలూన్ల కొలత చూసి బెలూన్ గీస్తే 'రాష్ట్రం' అన్న మాట వత్తు కింది వరుస మీద పడుతుంది. ముందు అక్షరాలు రాసి, తర్వాత చుట్టూ బెలూన్ గీయి.

హక్కుల కాగితాల మీద సంతకం గురించి అడిగావు. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ ఇద్దరూ కుర్రాళ్ళు. 1938లో హక్కులన్నీ కలిపి 130 డాలర్లకు రాసిచ్చేశారు. ఆ హీరో లోకమంతా తిరిగాడు. వాళ్ళు మాత్రం ముసలివాళ్ళయ్యేదాకా కోర్టుల చుట్టూ తిరిగారు. 1975లో గానీ వాళ్ళ పేర్లు మళ్ళీ ఆ హీరో పక్కన వేయడానికి, పింఛను ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకోలేదు. ఫీజు కట్టాల్సిన రోజు ఎవరైనా కాగితం ముందు పెడితే, ఆ రోజు సంతకం చేయకు. మర్నాడు నా దగ్గరికి తీసుకురా, ఇద్దరం కలిసి చదువుదాం. అప్పు కావాలంటే నన్నడుగు.

మార్కెట్‌కు నీతో నేనూ వస్తాను. శని, ఆదివారాలు కాకుండా ఒక రోజు పొద్దున ఆరింటికి గేటు దగ్గర ఉండు. తువ్వాలు తెచ్చుకో. సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీయొద్దు, నిలబడి చూద్దాం.

ఇంకో సంగతి. 17వ పేజీని నిన్న రాత్రి మళ్ళీ దీపం కింద పెట్టి చూశాను. దండెం గీత నీదే, డ్రెస్సు మడతలు నీవే. ఆ రెండు క్లిప్పులు మాత్రం నువ్వు గీసినవి కావు. గీత వణికింది, బరువుగా నొక్కినట్టుంది, ఒకటి రెండోదానికంటే పెద్దది. పాప గీసిందా? జవాబులో ఇంకేమీ రాయకపోయినా ఇది రాయి.

అన్న