మధ్యాహ్నం 3 అయ్యేసరికి ఓపిక అయిపోతోంది, ఏ అలవాట్లు మార్చుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి వయసు 34, ఆఫీసు పని, చెప్పుకోదగ్గ జబ్బులేం లేవు, అయినా మధ్యాహ్నం మూడింటికల్లా ఒళ్లు కూలబడిపోతోంది, నాలుగు టీలు తాగినా లాభం లేదు, పొద్దున్నే వాకింగ్, జ్యూసులు మొదలుపెడితే ఎనర్జీ వస్తుందా అని అడిగారు. నేను ఇదే అవస్థ రెండేళ్లు పడ్డా కాబట్టి రాస్తున్నా. డాక్టర్‌ని కాదు, అమీర్‌పేటలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తా, ఇద్దరు పిల్లలు.

ముందు నేను చేసిన తెలివితక్కువ పనులు చెప్తా. నాది బద్ధకం అని నాకు నేనే తేల్చేసుకున్నా. బద్ధకానికి మందు పొద్దున్నే లేవడమే కదా అని అలారం ఐదింటికి పెట్టా, పడుకునేది మాత్రం మామూలుగానే పన్నెండున్నరకి, దాంతో వారం తిరక్కుండానే ఆఫీసులో కంప్యూటర్ ముందు తూలడం మొదలైంది. తర్వాత జిమ్, ఆరు నెలల ఫీజు ఒకేసారి కట్టి వెళ్లింది 11 రోజులు. తర్వాత బీట్‌రూట్ జ్యూస్. బీట్‌రూట్ తాగితే రక్తం పడుతుందని మా అత్తయ్య రోజూ గ్లాసు నిండా చేసి ఇచ్చేది, పాపం ప్రేమతోనే, కానీ బీట్‌రూట్‌లో ఐరన్ చాలా తక్కువ, రంగు ఎర్రగా ఉంటే రక్తం పట్టేట్టయితే రోజ్ మిల్క్ తాగినా పట్టాలి. ఈ మాట ఆవిడ ముందు మాత్రం అనలేదు లెండి.

ఒకరోజు మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ ఆగిపోయి ఉంటే మెట్లెక్కా, సగంలో ఆయాసం వచ్చి రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయా, నా పక్కనుంచి అరవై దాటిన పెద్దాయన సంచీ మోసుకుంటూ ఎక్కేసి వెళ్లిపోయాడు. అప్పుడు భయమేసి రక్త పరీక్ష చేయించుకున్నా. హిమోగ్లోబిన్ 9.4. ఆడవాళ్లకి కనీసం 12, మగవాళ్లకి 13 ఉండాలి. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ కూడా బాగా తక్కువ, విటమిన్ బి12 అంతంతమాత్రం, థైరాయిడ్, షుగర్ మాత్రం బానే ఉన్నాయి. అంటే రక్తంలో ఆక్సిజన్ మోసేదే సరిపడా లేకపోతే నేను ఐదింటికి లేస్తే ఏంటి, ఏడింటికి లేస్తే ఏంటి. ఇది నా ఒక్కదాని గోల కూడా కాదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్ర, తెలంగాణ రెండింట్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉందని తేలింది.

డాక్టరమ్మ నెలసరి సంగతి, తిండి సంగతి అడిగి, ఆఖర్న టీ ఎప్పుడెప్పుడు తాగుతావమ్మా అంది. మా ఆఫీసులో లంచ్ బాక్స్ మూత పెట్టేలోపే టీ అబ్బాయి ఫ్లాస్క్ పట్టుకుని వచ్చేస్తాడు, ఎనిమిదేళ్లుగా అన్నం తిన్న వెంటనే టీ. టీలో ఉండే టానిన్లు పప్పు, ఆకుకూరల్లో ఉన్న ఐరన్‌ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవంట. అంటే తోటకూర పప్పు తిని పైన టీ పోసి దాన్ని నేనే పాడు చేసుకుంటున్నానన్నమాట. ఇంకా సిగ్గుపడాల్సిన విషయం, ఐరన్ మాత్ర ఇస్తే మొదటి పది రోజులు దాన్ని కూడా టీతోనే మింగా!! తర్వాత నిమ్మరసం నీళ్లతో వేసుకోవడం మొదలుపెట్టా, విటమిన్ సి ఉంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది, అందుకే ఇప్పుడు పప్పులో నిమ్మకాయ పిండుకుంటా. టీ మానలేదు, మానేయమంటే ఉద్యోగమే మానేస్తా, తిండికీ టీకీ మధ్య గంట గంటన్నర గ్యాప్ పెట్టా అంతే. మాత్రలు వేసుకున్నప్పుడు విరేచనం నల్లగా వస్తుంది, అది మామూలే అని ఎవరూ ముందు చెప్పలేదు, నేను ఒక రాత్రంతా కంగారుపడ్డా, మీరు పడకండి.

రెండున్నర నెలలకి హిమోగ్లోబిన్ 11.6కి వచ్చింది. మెట్లెక్కడం మూడో వారానికే తేలికైంది.

అయితే మూడింటి కునుకు మాత్రం పూర్తిగా పోలేదు, దానికి కారణం వేరే. మధ్యాహ్నం కాస్త మగతగా ఉండటం ఎవరికైనా సహజమేనంట, కాకపోతే నేను స్టీల్ క్యారియర్‌లో మూడు గిన్నెలు తీసుకెళ్తే రెండు గిన్నెలు అన్నమే, కూర నంజుకోవడానికన్నట్టు మూలన ఉండేది, పైగా పొద్దున టిఫిన్ ఎగ్గొట్టిన ఆకలితో గబగబా తినేసి కుర్చీలోనే కూర్చునేదాన్ని. ఇప్పుడు గిన్నెలు తారుమారు చేశా, ఒకటి అన్నం, ఒకటి పప్పు, ఒకటి కూర, బుధ శుక్రవారాలు గుడ్డు. ముందు కూర, పప్పు కాస్త తిని తర్వాత అన్నం కలుపుకుంటా. తిన్నాక కాంప్లెక్స్ చుట్టూ ఒక పది పదిహేను నిమిషాలు నడుస్తా, ఎండాకాలం అయితే లోపల కారిడార్లోనే, సెక్యూరిటీ ఆయన మొదట్లో ఏం పోగొట్టుకున్నారు మేడం అనేవాడు. రక్తంలో షుగర్ ఒక్కసారి పెరిగి పడిపోకుండా ఈ నడక పనికొస్తుంది. నాకైతే జిమ్ కంటే ఇదే కలిసొచ్చింది, డబ్బులు కట్టలేదు కాబట్టి మానేసినా బాధ ఉండదు, విచిత్రంగా అందుకే మానలేదు.

నిద్ర గురించి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పను. సాయంత్రం ఆరింటికి తాగిన టీలో కెఫీన్ దాదాపు సగం రాత్రి పదకొండుకి కూడా ఒంట్లోనే ఉంటుంది, కాబట్టి నాలుగు తర్వాత టీ బంద్. ఫోన్ హాల్లో చార్జింగ్ పెట్టి పడుకుంటున్నా, వారంలో రెండ్రోజులు తప్పుతూనే ఉంటా, పిల్లలు పడుకున్నాక దొరికే ఆ గంట వదులుకోబుద్ధి కాదు, అదొక్కటే నాకంటూ ఉన్న టైం మరి.

మీ విషయానికొస్తే వాకింగ్ బూట్లు కొనేముందు సీబీపీ (హిమోగ్లోబిన్, రక్తకణాలు చూసే మామూలు రక్త పరీక్ష), ఫెరిటిన్, బి12, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. ఫలితం చూడకుండా ఐరన్ మాత్రలు కొనుక్కుని మింగొద్దు, ఎక్కువైనా ప్రమాదమే. ఇంట్లో ఎవరైనా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే వాళ్లకీ బి12 చూపించండి, ఆ మందు వల్ల బి12 తగ్గుతుంది, మా అమ్మ అరికాళ్ల తిమ్మిర్లు వయసు వల్లే అనుకున్నాం, చూస్తే ఇదే.

అన్నట్టు రోజుకి నాలుగు టీలు అన్నారు గానీ ఏ టైంకి తాగుతారో రాయలేదు. అన్నం తిన్న వెంటనే ఒకటి ఉందా వాటిల్లో?