సొంతంగా వాయించిన పియానో ముక్కల మీద పనికొచ్చే అభిప్రాయం ఎలా రాబట్టాలి?

డిజిటల్ పియానో మీద అప్పటికప్పుడు తోచింది వాయించి రికార్డు చేస్తున్నానని, ఎవరికి పంపినా "సూపర్" తప్ప ఇంకో మాట రావట్లేదని రాశారు. నేనూ చాలాకాలం ఆ మాటే విన్నాను. అందులో విన్నవాళ్ళ తప్పేమీ లేదు. "ఎలా ఉంది?" అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. అందుకే ఇప్పుడు ఆ ప్రశ్న మానేశాను. "వింటుంటే మీ ధ్యాస ఎక్కడ పక్కకి పోయింది? ఏ నిమిషం దగ్గర?" అని అడుగుతున్నాను. దీనికి సంగీతం రానివాళ్ళు కూడా జవాబు చెప్పగలరు.

ఒకసారి కల్యాణి రాగం స్వరాలతో వాయించింది మా పిన్నికి పంపాను. "మొదట్లో ఎంతో బాగుంది నాన్నా, నిమిషం దాటాక చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ కూర్చున్నా" అంది. అదే రికార్డింగు చర్చిలో కీబోర్డు వాయించే ఒక మిత్రుడికి వినిపిస్తే కారణం దొరికింది. ఎడమ చెయ్యి మొదటినుంచి చివరిదాకా షడ్జం (స), పంచమం (ప), పై షడ్జం అంటూ ఒకే వరసలో నడుస్తోంది. "నలభయ్యో సెకను దగ్గర గ-మ-ప అని ఒక చిన్న పట్టు పడింది చూడు, పియానో పేర్లలో E, F షార్ప్, G. అంత మంచిదాన్ని అక్కడే వదిలేశావేంటి? దాన్ని ఎడమ చేతికివ్వు" అన్నాడు. మర్నాడు ఆ మూడు స్వరాలే కింది స్థాయిలో ఎడమ చేత్తో మొదలుపెట్టి, కాసేపయ్యాక కుడి చేత్తో రెట్టింపు కాలంలో వాయించాను. ముక్కకి ఒక దారి ఏర్పడింది. ధ్యాస ఎక్కడ తప్పిందో పిన్ని చెప్పింది, ఎందుకు తప్పిందో మిత్రుడు చెప్పాడు. మీక్కూడా ఈ రెండు రకాల మనుషులూ కావాలి.

మన దగ్గర ఇంకో మాట తప్పకుండా వస్తుంది: "గమకం లేదండీ." అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం లేదని. నిజమే. పియానోలో ఒక్కో మెట్టుకి ఒక్కటే శ్రుతి, రెండు మెట్ల మధ్య స్వరాన్ని జార్చడం కుదరదు. తోడి లాంటి రాగం అందుకే పియానో మీద వెలవెలబోతుంది. మోహన, హంసధ్వని చాలావరకు నిలబడతాయి. ఇది వాయిద్యానికున్న పరిమితి కాబట్టి ఆ మాటని గౌరవంగా విని పక్కన పెట్టండి. "కల్యాణి ఆలాపన" అని పేరు పెడితే కచేరీ కొలతలతోనే కొలుస్తారు, "కల్యాణి స్వరాలతో పియానో" అనండి, చాలు.

ఒక్క దమ్ములో వాయించిందా, తర్వాత కూర్చుని చెక్కిందా అన్నది కూడా ముందే చెప్పండి. రెండింటికీ కొలబద్ద వేరు. 1747లో పోట్స్‌డామ్‌లో ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ ఇచ్చిన బాణీ మీద జర్మన్ స్వరకర్త బాఖ్ మూడు వరుసల ఫ్యూగ్‌ని (ఒకే బాణీని వరుసలు ఒకదాని వెనక ఒకటి అందుకునే రచన) అక్కడికక్కడే వాయించాడు. అదే బాణీ మీద ఆరు వరుసలది మాత్రం తర్వాత తీరిగ్గా రాసి పంపాడు. అంతటివాడే ఆ రెండు పనుల్నీ విడిగా చూశాడు.

రికార్డింగు విషయంలో రెండే మాటలు. ఫోన్ మైకుతో సరిపెట్టకుండా యూఎస్‌బీ తీగతో మిడి (శబ్దం కాకుండా నొక్కిన మెట్లని నమోదు చేసే ఫైలు) కూడా దాచుకోండి, ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో తెరమీద కనిపిస్తుంది. వాట్సాప్‌లో వాయిస్ నోట్‌గా పంపితే పెడల్ పట్టినప్పటి మోత అంతా నలిగిపోతుంది, ఫైలుని డాక్యుమెంట్‌గా పంపండి. నిడివి రెండు నిమిషాలు దాటనివ్వకండి. పది నిమిషాలది ఎంత ఆప్తులైనా పూర్తిగా వినరు.

మీరు రాగాల దారిలో వాయిస్తారా, కార్డ్స్ (chords, కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) వేసుకుని వాయిస్తారా అన్నది రాయలేదు. రాగాలైతే ఒక ముక్క ఇక్కడ పెట్టండి, విని సెకన్లతో సహా చెప్తాను. కార్డ్స్ సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు.