కంప్యూటర్ సైన్స్ సీటు కోసం ఇంటర్‌కే ఐదు లక్షలా?

ప్రశ్న: మాది కరీంనగర్. పాప సీబీఎస్ఈ పదో తరగతి, కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేస్తానంటోంది. హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ కాలేజీ ఎంపీసీకి హాస్టల్‌తో కలిపి ఏడాదికి 2.6 లక్షలు అడుగుతోంది. పీఆర్వో పోరు పడలేక 10 వేలు కట్టి సీటు రిజర్వు చేశాను. పాప చదివే స్కూల్లోనే పదకొండు, పన్నెండు చదివిస్తే ఏడాదికి 90 వేలు. అక్కడ కంప్యూటర్ సైన్స్ సబ్జెక్టు కూడా ఉంది. నా జీతం 55 వేలు. సుకన్య సమృద్ధి ఖాతాలో 6 లక్షలున్నాయి. తీసేయమంటారా?

జవాబు: వద్దండి. పది పాసయ్యాక చదువు కోసం ఖాతాలోంచి సగం వరకు తీసుకోవచ్చు, నిజమే. కానీ ఆ మూడు లక్షలూ ఇంటర్ హాస్టల్‌కు పోతే, బీటెక్ మొదటి ఏడాదే అప్పు కోసం తిరగాలి. పన్ను లేకుండా ప్రస్తుతం 8.2 శాతం వడ్డీ వస్తున్న డబ్బు అది.

ఇక సబ్జెక్టులు. స్కూల్లో కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే పైథాన్ కాస్త అలవాటవుతుంది, మంచిదే. అయితే సీటు ఇప్పించేది అది కాదు. ఇంజినీరింగ్ సీట్ల కోసం రాసే ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 160 మార్కులుంటే 80 మ్యాథ్స్‌వే. ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరో 40. కంప్యూటర్ మీద ఒక్క ప్రశ్నా ఉండదు. కంప్యూటర్ సైన్స్‌కు కెమిస్ట్రీ ఎందుకని పిల్లలు వదిలేస్తుంటారు. ర్యాంకు అక్కడే జారుతుంది.

ఒక్కటి మాత్రం చూసుకోండి. తేలిగ్గా ఉంటుందని ఎవరైనా అప్లైడ్ మ్యాథమెటిక్స్ ఇప్పిస్తామంటే ఒప్పుకోకండి. అది కామర్స్ వైపు వెళ్లే పిల్లల కోసం పెట్టింది, ఇంజినీరింగ్‌కు పనికిరాదు. మామూలు మ్యాథమెటిక్సే ఉండాలి.

స్కూలుతో పాటు ట్యూషన్, మాక్ టెస్టులకు ఏడాదికి 40 వేలు వేసుకున్నా రెండేళ్లకు 2.6 లక్షలే. కార్పొరేట్‌లో 5.2 లక్షలు. మిగిలే 2.6 లక్షలను నెలకు పదకొండు వేల చొప్పున రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. రెండేళ్లలో కావలసిన డబ్బును షేర్లలో పెట్టొద్దు. పేరున్న ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో కన్వీనర్ కోటా (ర్యాంకును బట్టి ఇచ్చే సీట్ల) ఫీజే ఏడాదికి లక్షన్నర దాటింది. ఈ డిపాజిట్ డబ్బూ, సుకన్యలో సగమూ కలిపితే నాలుగేళ్ల ఫీజులో చాలా భాగం తేలుతుంది.

ఈ దారిలో ఇబ్బంది లేకపోలేదు. ఎప్‌సెట్ ప్రశ్నలు ఇంటర్ బోర్డు సిలబస్ నుంచి వస్తాయి. కాబట్టి తెలుగు అకాడమీ పుస్తకాలు ఇప్పుడే కొనిపెట్టండి. పాప తనంతట తాను కూర్చుని చదివే రకం కాకపోతే, కరీంనగర్‌లోనే ఇంటి నుంచి వెళ్లొచ్చే ఎంపీసీ కాలేజీ చూడండి. హాస్టల్ ఖర్చయినా తప్పుతుంది.

పాత పన్ను విధానంలో ఉంటే స్కూలు ట్యూషన్ ఫీజుకు పన్ను మినహాయింపు వస్తుంది. కోచింగ్, హాస్టల్ ఖర్చులకు రాదు.

ఆ 10 వేలు వెనక్కి ఇమ్మని కాలేజీకి ఒక ఉత్తరం రాయండి. ఇవ్వకపోతే పోయిందనుకోండి. దాని కోసం ఐదు లక్షలు కట్టకండి.